మల్ల ఎప్పుడు పోతవ్? – దుబాయి నుంచి వాపస్ వచ్చినంక నా అనుభవం

మా ఊళ్లె దుబాయి నుంచి వచ్చినోడు కనబడితె అడిగేవి రెండే మాటలు. "ఎప్పుడచ్చినవ్?" అంటరు, నువ్వు జవాబు చెప్పేలోపే "మల్ల ఎప్పుడు పోతవ్?" అంటరు. చిన్నప్పుడు నేను గుడ వేరేవాళ్లను గిట్లనే అడిగిన. 2024 డిసెంబర్ల వీసా క్యాన్సల్ కొట్టిచ్చుకోని మొత్తానికే వాపస్ వచ్చినంక ఈ రెండో ప్రశ్న ఎంత గుచ్చుతదో తెల్సింది. "ఇగ పోనే, ఈన్నే ఉంట" అంటె నమ్మరు, "అందరు గట్లనే అంటరు తియ్యి, మూడు నెలలైతె నువ్వే పోతవ్" అని నవ్వుతరు, ఇంకొందరైతె పక్కకు పిల్చి మెల్లగ "ఆడ ఏమన్న లొల్లి అయ్యిందా" అని అడిగిండ్రు. లొల్లి ఏం కాలె. ఇంటికి రావాలె అనిపిచ్చింది, వచ్చిన, అంతే. గని వచ్చుడు ఒక్క రోజుల అయింది, వచ్చినంక ఇంట్ల మనిషి అయ్యేటందుకు దగ్గరదగ్గర ఏడాది పట్టింది, ఆ కథే రాస్తున్న.

మాది జగిత్యాల జిల్లా, రాయికల్ దిక్కు. నేను పోయింది 2009 ఫిబ్రవరిల, దుబాయిల మాంద్యం వచ్చి పనులన్నీ బంద్ అయితున్న టైముల, అందరు సామాన్లు కట్టుకోని వాపస్ వస్తుంటె నేను 80 వేలు ఏజెంటుకు కట్టి ఎదురు పోయిన, నా తెలివి గట్లుండె. ఆ 80 వేలకు నూటికి మూడు రూపాల మిత్తి. మొదటి కంపెనీ ఏడాదికే మూతపడ్డది, తర్వాత 2010ల ఇంకో కంపెనీల షట్టరింగ్ కార్పెంటర్‌గ, అంటె స్లాబులకు ప్లైవుడ్ చెక్కలు కట్టే పనికి, చేరిన, ఆడనే 14 ఏండ్లు చేసిన. పోయేటప్పుడు నా పాస్‌పోర్టుల కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉండె. నేను అక్కడ ప్లైవుడ్ కోసుకుంట ఉండంగనే 2014 జూన్ 2 నాడు రాష్ట్రం మారింది, 2016 దసర నాడు జిల్లా మారింది. ఊరు ఉన్నకాన్నే ఉన్నది, నా కాయితాలల్ల మాత్రం నేను వేరే జిల్లా, వేరే రాష్ట్రం మనిషిని. ఈ ముచ్చట ఎందుకు చెప్తున్ననో తర్వాత తెలుస్తది.

మొత్తం దగ్గరదగ్గర 16 ఏండ్లల్ల నేను ఇంటికి ఏడుసార్లు వచ్చిన. ఒకసారి కూసోని లెక్క పెట్టిన, ఛుట్టీలు అన్నీ కలిపితె 14 నెలలు. పెండ్లయి 19 ఏండ్లు అంటె, ఆమెతోని కల్సి ఉన్నది పోకముందు మూడేండ్లు, ఇగ ఈ 14 నెలలు.

రావాలె అని మనసుల ఎప్పటినుంచో ఉండె గని పక్కా చేసింది 2024 ఏప్రిల్ 16. ఆ రోజు దుబాయిల వాన పడ్డది చూడున్రి, అంత వాన ఆడ నేనెప్పుడు చూడలె, ఎయిర్‌పోర్టే మునిగింది. మా లేబర్ క్యాంపు గేటు కాడ మోకాళ్ల లోతు నీళ్లు, కింది మంచపోళ్లందరు మీది మంచాలకు ఎక్కిండ్రు, నాకు 46 ఏండ్లు, నడుం నొప్పితోని పెట్టె ఒళ్లె పెట్టుకోని మీది మంచం మీద కాళ్లు ముడుసుకోని కూసున్న. బోటిమ్ యాప్‌ల ఇంటికి ఫోన్ చేస్తె ఇంటామె "ఈడ ఎండకు చస్తున్నం, నీకేమో వానలా" అని నవ్వింది. నేను గుడ నవ్విన. ఫోన్ పెట్టేసినంక అనిపిచ్చింది, ఇగ చాలు అని.

సెటిల్‌మెంట్ ముచ్చట జర చెప్త, పోయేటోళ్లకు పనికొస్తది. అక్కడి కానూన్ల నౌకరి అయిపోతె గ్రాట్యుటీ ఇయ్యాలె, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్ అంటె ఉత్త బేసికే, ఓవర్‌టైం, తిండి పైసలు ఏవి దాంట్ల కలవవు. నా బేసిక్ 1400 దిరమ్‌లు, 14 ఏండ్లకు 375 రోజుల లెక్క, 17,500 దిరమ్‌లు అయితది. నేను పోయినప్పుడు దిరమ్ 13 రూపాల చిల్లర ఉండె, వచ్చేటప్పుడు 23 అయింది, అట్ల నాలుగు లక్షలు దాటినయ్. గని ఆఫీసుల ముందుగాల "అన్నీ ముట్టినయ్" అని కాయితం మీద సంతకం పెట్టుమన్నరు, పైసలు తర్వాత పడ్తయట. కానూన్ ప్రకారం 14 రోజుల్ల ఇయ్యాలె. నేను పైసలు అకౌంట్ల పడ్డ మెసేజ్ చూసినంకనే సంతకం పెడ్త అని కూసున్న, రెండు వారాలు ఎక్కువే తిప్పిండ్రు గని ఇచ్చిండ్రు. నాతోని వచ్చిన నిజామాబాద్ దిక్కు అన్న ఒకాయన ముందే సంతకం పెట్టిండు, ఆయనకు ఐదేండ్ల లెక్కే వచ్చింది. ఇంటికొచ్చి ఎవరిని అడుగుతడు.

ఇగ వచ్చుడు. ఛుట్టీకి వచ్చినప్పుడల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బండి మాట్లాడుకోని పదిమంది వస్తుండిరి, తమ్ముడు, బామ్మర్ది, పిల్లలు, తొవ్వల కొండగట్టు కాడ ఆగి దండం పెట్టుకోని, పండుగ లెక్క ఉంటుండె. ఈసారి ఇంటామె ఫోన్ల ఏమన్నదంటె, "బండికి ఆరేడు వేలు దండుగ, ఉండేటందుకే వస్తున్నవ్ గదా, బస్సుకు రా." మాట నిజమే గని కొంచెం కలుక్కుమన్నది. ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సుల సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండుకు వచ్చి ఆడ జగిత్యాల బస్సు ఎక్కిన. బస్సు నిండ ఆడోళ్లే, కండక్టరమ్మ అందరికి జీరో టికెట్లు కొట్టుకుంట వచ్చింది, ఫ్రీ బస్సు అని విన్న గని కండ్లతోని చూసుడు అదే మొదలు. నా కాడికి వచ్చి 500 నోటుకు చిల్లర లేదన్నది. అంతకు ముందు చాయ కాడ గుడ గంతే, "స్కాన్ చెయ్యే అన్నా" అన్నడు పిలగాడు. నాకాడ ఫోన్ ఉన్నది, అకౌంట్ల పైసలు ఉన్నయ్, గని నా ఇండియా సిమ్ము రీచార్జ్ లేక ఎప్పుడో బంద్ అయ్యింది, ఆ నెంబరే బ్యాంకుకు ఉండె, ఆ నెంబరే ఆధార్‌కు ఉండె. ఓటీపీలన్ని లేని నెంబరుకు పోతున్నయ్. నాలుగు లక్షలు అకౌంట్ల పెట్టుకోని చాయ పైసలకు పక్కాయనను అడుక్కున్న.

ఆ ఒక్క సిమ్ము మీదనే నెల రోజులు పోయింది. ఆధార్‌ల నెంబర్ మార్చాలె, దాంట్ల అడ్రస్ పాత జిల్లా, పాత రాష్ట్రం, అది మార్చాలె, ఆ తర్వాత బ్యాంకు. బ్యాంకుల ఇంకో ముచ్చట చెప్పిండ్రు, మొత్తానికే వచ్చినంక ఎన్నారై ఖాత అట్లనే నడుపొద్దట, మామూలు ఖాతగ మార్పిచ్చుకోవాలెనట, దాంట్ల డిపాజిట్లు ఉంటె వచ్చే మిత్తికి మునుపటి లెక్క పన్ను మాఫీ ఉండదట. నాకు ఎవ్వలు చెప్పలె, అడిగితెనే చెప్పిండ్రు. దుబాయి నుంచి వచ్చేటోళ్లు ఎవరన్న ఉంటె నా ఒక్క మాట వినున్రి, ఇండియా సిమ్ము చచ్చిపోనియ్యకున్రి, నెలకింత రీచార్జ్ చేస్కుంట ఉండున్రి, మిగిలినయ్ అన్ని దాని ఎన్క వస్తయ్.

రేషన్ కార్డుల నా పేరే లేకుండె, దేశంల లేనోడు వేలు ముద్ర ఎట్ల పెడ్తడు. మీసేవల మళ్ల ఎక్కిచ్చిన, పేరు ఎక్కింది, సన్నబియ్యం ఇచ్చుడు మొదలైనంక తలకు ఆరు కిలోలు వస్తున్నయ్. గని డీలర్ కాడ మిషన్ మీద నా వేలు పెడితె తీసుకోలె. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, గుడ్డతోని తుడిసి, నూనె రాసి, ఏం చేసినా ఎర్ర లైటే. ఎన్క లైన్ల ముసలమ్మ "ఏం పని చేసినవ్ బిడ్డా, గీతలే లేవు" అన్నది. సిమెంటు, షట్టరింగ్ ఆయిలు, 16 ఏండ్లు. ఆఖరుకు కన్ను పెట్టి తీసుకున్నరు. ఇప్పుడు ప్రతి నెల కన్నే పెడ్త.

కాయితాల లొల్లి గంతే, తిరిగితె అయిపోతది. ఇంట్ల సంగతి గట్ల కాదు.

దుబాయిల ఉన్నన్ని రోజులు రాత్రి తొమ్మిదిన్నరకు మా ఫోన్ టైము, ఆడ ఎనిమిది. తిండి తిని ఇయర్‌ఫోన్ పెట్టుకోని మంచం మీద ఒరిగితె గంట ఎట్ల పోయేదో తెల్వకపోయేది. బిడ్డ కాలేజి ముచ్చట్లు, కొడుకు క్రికెట్ ముచ్చట్లు, ఇంటామె ఊరి ముచ్చట్లు, ఒకరి చేతిల నుంచి ఒకరు ఫోన్ గుంజుకుందురు. వచ్చిన కొత్తల, రెండో రోజో మూడో రోజో, రాత్రి తొమ్మిదిన్నర అయింది, నలుగురం ఒక్క అర్రల కూసున్నం, టీవీ నడుస్తున్నది, ఎవ్వలం మాట్లాడుతలేం. నేను ఫోన్ల చెప్పేదాన్ని ఎదురుంగ కూసోని ఎట్ల చెప్పాల్నో నాకు సమజ్ కాలె, వాళ్లకు గుడ కాలె. కొడుకైతె ఫోన్ల "డాడీ డాడీ" అని చెవులు తినేటోడు, మనిషిని ఎదురుంగ చూస్తె "ఆఁ", "లే" అంతే. వాడు పుట్టింది 2011ల, నేను మొదలు చూసింది 2013ల. ఒకనాడు నేను బయట గద్దె మీద కూసుంటె లోపట నుంచి ఫోన్ చేసిండు, "డాడీ, చార్జర్ ఏడ పెట్టినవ్" అని. పది అడుగుల దూరం. కోపం రావాలె గని ఆ ఫోన్ల పది నిమిషాలు మాట్లాడిండు, మ్యాచ్ సంగతి, స్కూల్ల సార్ సంగతి, వాడు లోపట నేను బయట. నేను గుడ లేసి లోపటికి పోలె, పోతె బంద్ చేస్తడని తెల్సు.

బిడ్డ అట్ల కాదు, మాట్లాడుతది, మర్యాదగ మాట్లాడుతది, చుట్టాలతోని మాట్లాడినట్టు. ఏదన్న కావాలంటె నన్ను దాటేసి వాళ్లమ్మను అడుగుతది. ఎంసెట్ అంటరు గదా, ఇప్పుడు దాని పేరు మార్చిండ్రు, ఆ ర్యాంకు వచ్చినంక కాలేజీలు పెట్టుకునుడు తల్లిబిడ్డలు కూసోని చేసిండ్రు, నాకు అంత అయినంక చెప్పిండ్రు. నేను "నన్ను అడగరా" అంటె బిడ్డ నిజంగనే పరేషాన్ అయ్యి చూసింది, నన్ను అడగాలె అని ఆమెకు తట్టలే, తప్పు ఆమెది గుడ కాదు.

ఇగ నేను చేసిన పెద్ద తప్పు చెప్త. సంక్రాంతి అయినంక ఒకనాడు ఇంటామెను పంపిన పైసల లెక్క అడిగిన. నిజం చెప్తున్న, అనుమానంతోని కాదు, ఊళ్లె సోపతులు "ఇన్నేండ్లు పంపినవ్, ఎంత జమ ఉన్నది" అని అడుగుతుంటె నాకే తెల్వకుండె, అందుకోసం అడిగిన. ఆమె బీడీలు చేస్తున్నది, చాట ఒళ్లె ఉన్నది, చేతిల బీడీ అట్లనే మడిసి దారం చుట్టి పక్కకు పెట్టింది, లేసి బీరువ తెరిసి మూడు నోటుబుక్కులు తెచ్చి నా ముందట ఏసింది. 2009 నుంచి. ఏజెంటు అప్పు ఏ నెల ఎంత కట్టింది, మిత్తి ఎంత, చిట్టీలు, బోరు, బాపు దవాఖాన, నా చెల్లె సీమంతం, పిల్లల ఫీజులు, తమ్మునికి ఇచ్చిన చేబదుళ్లు, అన్ని ఆమె గుండ్రటి రాతల ఉన్నయ్. ప్రతి నెల నేను పంపిన పైసల కింద ఇంకో గీత ఉన్నది, "బీడీలు" అని, దాని ముందట ఒక అంకె. "నీ పైసల లెక్క అడిగినవ్ గదా, నా బీడీల పైసలు సుత అండ్లనే కల్సినయ్, వేరు జేసి ఇయ్యాల్నా" అన్నది. అంతే అన్నది, మల్ల చాట ఒళ్లె పెట్టుకోని కూసున్నది. నేను ఆ బుక్కులు పట్టుకోని ఎంతసేపు కూసున్ననో. దుబాయి పైసలతోని ఇల్లు నడుస్తున్నదని ఊరంత అనుకున్నది, నేను గుడ గదే అనుకున్న. కొన్ని నెలలు, ముఖ్యంగ 2009ల జీతం ఆగినప్పుడు, 2020 లాక్‌డౌన్ల, ఆ పేజీల నా పైసల కాడ సున్న ఉన్నది, బీడీల కాడ మాత్రం అంకె ఉన్నది. ఆ రోజుల్ల ఫోన్ల "ఏం ఫికర్ లే, ఈడ మంచిగనే ఉన్నది" అన్నది నాతోని.

వారం రోజులు ఆమె నాతోని సక్కగ మాట్లాడలె. నేను గుడ మాఫీ అడగలె, ఎట్ల అడగాల్నో తెల్వలె. తర్వాత ఒకనాడు ఆకు కత్తిరియ్యబోయిన, చూసి "నీకు రాదు, ఆకు ఖరాబ్ చేస్తవ్, పోయి కూరగాయలు పట్టుకరా" అన్నది. మాట్లాడింది గదా అని సంచి తీస్కోని ఉరికిన.

ఒంటి సంగతి గుడ ఉన్నది. తెల్లారి నాలుగింటికి లేసుడు ఇప్పటికి పోలె, క్యాంపు బస్సు నాలుగున్నరకు కదా. లేసి ఏం చెయ్యాల్నో తెల్వక వాకిట్ల తిరుగుత, కుక్కలు మొరుగుతయ్, ఇంటామె తిడ్తది. క్యాంపుల ఏసీ చప్పుడుల పండి పండి ఇంట్ల చప్పుడు లేకుంటె నిద్ర రాలె, చలికాలంల ఫ్యాన్ పెట్టుకోని రగ్గు కప్పుకోని పండుకున్న. శుక్రవారం వస్తె కాళ్లు చేతులు వాటంతటవే ఢీలా పడేటియి, సెలవు అనుకోని. ఇంక నా వస్తువులన్ని సబ్బుతో సహా పెట్టెల పెట్టి తాళం ఏస్తుంటి, ఎనిమిది మంది అర్రల ఉన్న అలవాటు, కొడుకు చూసి "డాడీ, మేం ఎత్తుకపోతమా" అన్నడు. ఏప్రిల్ దాంక ఆ పెట్టె విప్పలె నేను. బట్టలు అండ్లకెళ్లే తీసుకునుడు, అండ్లనే పెట్టుడు. బీరువల ఒక అర ఖాళీ చేసి ఎప్పుడో ఇచ్చింది ఇంటామె, నేనే పెట్టలె.

దుబాయి పైసలు వచ్చినయంటె ఊళ్లె అందరికి ఒక ఉపాయం తడ్తది. హార్వెస్టర్ల వాటా పెట్టు, కోళ్ల ఫారం పెట్టు, ఫైనాన్స్ నడుపు. నేను రెండు బర్లు కొన్న, ఒకటి ఆరు నెలలకే చచ్చిపోయింది, దాని సంగతి ఇంక రాయ. తర్వాత నాకు వచ్చిన పనే చేద్దాం అని సెంట్రింగ్‌ల దిగిన. అక్కడ షట్టరింగ్ అన్నా ఇక్కడ సెంట్రింగ్ అన్నా పని ఒకటే, గని తీరు వేరు. అక్కడ హెల్మెట్, బెల్టు, బూట్లు లేకుంటె సైటు లోపటికే రానియ్యరు, ఎండకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక పగటి పన్నెండున్నర నుంచి మూడింటి దాంక ఎండల పని బంద్, కానూన్. ఇక్కడ చెప్పులు గుడ లేకుండ రెండో అంతస్తు అంచుల మీద నడుస్తరు. నేను బెల్టులు తెస్త అంటె మేస్త్రి "దుబాయి ఇంజనీరు సాబ్ అచ్చిండు" అని పేరు పెట్టిండు, ఆ పేరు ఇప్పటికీ ఉన్నది. మొండిగ నాలుగు బెల్టులు కొన్న, ఇద్దరు కట్టుకుంటున్నరు, ఆ ఇద్దరు గుడ బీహారోళ్లే.

బీహారోళ్ల ముచ్చట చెప్పాలె. మా దిక్కు ఇప్పుడు నాట్లేసేది వాళ్లే, రైసుమిల్లుల హమాలీలు వాళ్లే, సెంట్రింగ్ వాళ్లే. మా పనికాడ ఆరుగురు ఉన్నరు, రేకుల షెడ్డుల ఉంటరు, వంతుల చొప్పున వండుకుంటరు, గోడకు ఒక్క అద్దం, దానికింద ఆరు బ్రష్షులు. మొదటిసారి ఆ షెడ్డుల అడుగు పెట్టంగనే నాకు ఇల్లు లెక్క అనిపిచ్చింది, చెప్తె సిగ్గుపోతది గని నిజం. హిందీల మాట్లాడుడు మొదలుపెట్టిన, 16 ఏండ్లు క్యాంపుల మాట్లాడింది గదే కదా, నా నోటికి గదే అల్కగ వస్తది. సాయంత్రం పని అయినంక ఆడనే కూసునుడు, వాళ్ల పప్పు అన్నం తినుడు, వాళ్లు ఇండ్లకు ఫోన్లు చేస్తుంటె వినుడు. ఒక పిలగాడు ఉన్నడు, 22 ఏండ్లు ఉంటయ్, కూతురు పుట్టి మూడు నెలలు, ఇంక చూడలె, ఫోన్ల మొఖం కాడికి తీస్కపోయి తీస్కపోయి చూస్తడు. నేను లేసి బయటకు వచ్చిన. ఇంటికి వస్తె ఇంటామె "ఇంట్ల నాలుగు మాటలు రావు నీకు, ఆడ షెడ్డుల రాత్రి దాంక ఏం ముచ్చట్లు" అని అడిగింది, నాకాడ జవాబు లేకుండె. ఆ పిలగాన్ని ఒకనాడు అన్నానికి ఇంటికి తీస్కొచ్చిన. ఇంటామె ఆనితోని ఒచ్చీరాని హిందీల మాట్లాడింది, కొడుకు వానితోని క్యారమ్స్ ఆడిండు, ఆ రోజు మా ఇంట్ల నేనొచ్చినంక మొదటిసారి మస్తు లొల్లి లొల్లి ఉండె.

బాపు 2020 ఏప్రిల్ల పోయిండు. విమానాలు బంద్ ఉండె, తమ్ముడు తలగొరివి పెట్టిండు, నేను క్యాంపు మెట్ల మీద కూసోని ఫోన్ల చూసిన, నడుమ నెట్ పోయింది, మల్ల వచ్చేసరికి అయిపోయింది. ఆ తర్వాత ఛుట్టీకి వచ్చినా పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్రమాస టైముల ఎప్పుడు రాలె. 2025ల మొదటిసారి నా చేతితోని బాపు పేరు మీద బియ్యం ఇచ్చిన. అయ్యగారు పేర్లు అడుగుతుంటె మా తాత పేరు నాకు నోటికి రాలె, ఎన్కకెళ్లి కొడుకు చెప్పిండు. వానికి ఎట్ల తెల్సంటె ప్రతి ఏడు తమ్మునితోని వాడే పోతున్నడట.

భూమి సంగతి జల్ది చెప్త. 2012ల ఎకరం 20 గుంటలు తెల్లకాయితం మీద కొన్నం, సాదాబైనామా, మా దిక్కు చానమంది గట్లనే కొంటుండిరి. 2020ల సర్కారు వాటిని పక్కా చేస్తమని దరఖాస్తులు తీసుకుంటె తమ్ముడు మీసేవల పెట్టిండు, అది అట్లనే ఉండిపాయె. భూమి రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినంక 2025 జూన్ల రెవెన్యూ సదస్సుల మళ్ల పెట్టిన. పాస్‌బుక్కు లేదు కాబట్టి రైతుభరోసా రాదు. దున్నుకోనైతె దున్నుకుంటున్నం, శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువ నీళ్లు వస్తయ్. ఎవుసం మాత్రం నేను మొత్తం మర్సిపోయిన, యాసంగిల యూరియా ఎప్పుడు చల్లాల్నో తమ్మున్ని అడిగి అడిగి వాడు ఇసిగిచ్చుకున్నడు.

నడుమ మా పెద్దనాయిన మనుమడు వచ్చిండు, డిగ్రీ అయిపోయింది, "కాకా, వీసా చూపియ్యవా" అని. నేను పోవద్దు అని చెప్తననుకున్నరు ఇంట్లోళ్లు. నేను ఎట్ల చెప్త, నా ఇల్లు కట్టింది దాంతోనే. పని నేర్చుకోని పో, ఉత్త హెల్పర్‌గ పోకు, లైసెన్సు ఉన్న ఏజెంటు కాడికో సర్కారు టామ్‌కామ్ కాడికో పో, విజిట్ వీసా మీద మాత్రం పోకు, అగ్రిమెంటుల బేసిక్ ఎంతున్నదో చూడు అని చెప్పిన. వాడు అన్ని తలకాయ ఊపి "మల్ల నువ్వెందుకచ్చినవ్ కాకా" అన్నడు. ఇంటామె లోపటినుంచి "చెప్పు చెప్పు, నాకు గుడ చెప్పలె" అని నవ్వింది.

2025 వానకాలం సన్నాలు ఏసినం. అక్టోబర్ ఆఖర్ల మొంథా తుఫాను వానకు చేన్ల నీళ్లు నిలిచినయ్, జర ఆగి నవంబర్ల కోత మిషన్ పెట్టి సర్కారుకు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు పోసినం. అప్పుడు మద్దతు ధర క్వింటాల్‌కు 2389 ఉండె, సన్నాలకు ఇంకో 500 బోనస్, గని తేమ 17 శాతం దాటొద్దు. మా ఇంటామె ఆడోళ్ల గ్రామైక్య సంఘంల ఉన్నది, ఆ సెంటర్ నడిపేది వాళ్ల సంఘమే, తేమ మిషన్ ఆమె చేతిలనే ఉంటది. మొదటి రోజు మా కుప్పల చెయ్యి పెట్టి గింజలు తీసి మిషన్ల పోసింది, 22 చూపిచ్చింది. పక్క కుప్పాయన "మీ ఇంటామెదే కదనే మిషన్, 17 అని రాపియ్యరాదు" అని గోకిండు. ఆమె చెవుల పడనే పడ్డది, "మా ఇంటోని వడ్లకు తప్పు రాస్తె ఊరోళ్లందరి వడ్లకు రాయాలె, ఎండపొయ్యమను" అని టోకెన్ బుక్కు తీస్కోని ముందటికి పోయింది. పొద్దంత నేర్పుడు, పొద్దుగూకంగనే మంచు పడకముందే కుప్ప చేసి కవర్లు కప్పుడు, రాత్రి ఆడనే మంచం ఏసుకోని కావలి పండుడు. ఐదో రోజుకు 19కి దిగింది. కొడుకు రాత్రి సద్ది పట్టుకొచ్చి, ఇంటికి పోకుండ మంచం మీద నా పక్కన ఒరిగి మ్యాచ్ ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట నిద్రపోయిండు.

నేను లేసి కవరు గాలికి లేస్తుంటె రాళ్లు పెడ్తున్న. మా బాబాయి కొడుకు చెరువు మోటరు కాడికెళ్లి వస్తున్నడు, బండి ఆపి లైటు నా మొఖం మీదనే కొట్టి "ఏందే అన్నా, ఎప్పుడు పోతవ్?" అన్నడు.

"17కు దిగినంక" అన్న.

"అయితె ఇంక రెండు దినాలు" అనుకుంట బండికి స్టాండ్ ఏసి వచ్చి, కవరు రెండో కొస పట్టుకున్నడు.